మూడోసారి వచ్చిన లేబుల్

“మూడోసారి నొక్కితే వచ్చిందన్నావు. మొదటి రెండుసార్లూ ఏమైంది?”

“ప్రింటర్ దొరుకుతలేదని వచ్చింది మేడమ్, స్క్రీన్ మీద.”

“అప్పుడు ప్రింటర్ ఎక్కడుంది?”

“నా నడుముకే. బెల్టుకు తగిలించి ఉంది.”

“నడుముకున్న ప్రింటర్ దొరక్కపోవడమేమిటమ్మా?”

ప్రవల్లిక తల వంచుకుంది. ఈ ప్రశ్న ఆమెను పోలీసులు అడిగారు, ల్యాబు వాళ్లు అడిగారు, చివరికి హాస్టల్లో పక్క మంచం పిల్ల కూడా అడిగింది. జవాబు ఎవరికీ చెప్పలేకపోయింది. తెలిస్తేగా చెప్పడానికి.

లీలావతి తొందరపెట్టలేదు. కేంద్ర ప్రభుత్వ విజిలెన్సు విభాగంలో పాతికేళ్లు పనిచేసి, ముందుగానే రిటైరై, ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైగదిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆవిడ. అబద్ధం చెప్పేవాళ్ల దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందని ఆవిడ అనుభవం. ఈ పిల్ల దగ్గర అది లేదు.

ఇద్దరూ కూర్చున్నది ఘాజియాబాద్‌లో, వైశాలి ప్రాంతంలోని ఒక అపార్టుమెంటు సొసైటీ క్లబ్బు గదిలో. శనివారం శనివారం మూర్తి గారి ల్యాబు వాళ్లు ఇక్కడికే వచ్చి, గుండె ఆపరేషనై రక్తం గడ్డ కట్టకుండా మాత్రలు వాడేవాళ్ల దగ్గర రక్తం తీసుకుంటారు. ఆ పరీక్షలో అంకె తక్కువ వస్తే డాక్టరు మాత్ర పెంచుతాడు, ఎక్కువ వస్తే తగ్గిస్తాడు. దసరా వెళ్లిన శనివారం ఇక్కడ రక్తమిచ్చిన సుందరరామయ్యకి తక్కువ అంకె వచ్చింది. డాక్టరు మాత్ర పెంచాడు. అయిదో రోజున ఆయన మెదడులో రక్తస్రావమై పోయాడు. దాచిన గొట్టాలు తీసి చూస్తే, సుందరరామయ్య నంబరున్న గొట్టంలో రక్తం ఆయనది కాదు. వరసలో ఆయన వెనక నిలబడ్డ కేశవరావుది. కేశవరావు నంబరున్న గొట్టంలో ఉన్నది సుందరరామయ్య రక్తం.

ఇద్దరికీ రక్తం తీసింది, లేబుళ్లు అంటించింది ప్రవల్లిక. ఈ సాయంత్రం నాలుగింటికి ఎస్సై వచ్చి ఆమెను అరెస్టు చేస్తాడు. హనుమకొండ నుంచి ఒంటరిగా వచ్చి, ఇరవై మూడేళ్లకే ఒకరి ప్రాణం తీసిందనిపించుకున్నాక, రక్తమివ్వడానికి మళ్లీ ఏ మనిషి ఆ పిల్లకి చెయ్యి చాపుతాడు?

“సరే, పని ఎలా చేస్తావో మొదటి నుంచీ చెప్పు. నేను చదువుకున్నది టైపూ షార్ట్‌హ్యాండూ. అలాగే చెప్పు నాకు.”

ప్రవల్లిక చెప్పింది. చేతిలో హ్యాండ్‌హెల్డ్ అని చిన్న కంప్యూటర్ ఉంటుంది. ముందురోజే రోగుల నంబర్లన్నీ అందులోకి వచ్చేస్తాయి. రోగి వచ్చి కూర్చోగానే నంబరు ఎంచి బటన్ నొక్కితే, నడుముకున్న ప్రింటర్‌లోంచి లేబుల్ వస్తుంది. దాన్ని గొట్టానికి అంటించడమే. మధ్యలో తీగ ఉండదు, బ్లూటూత్.

“లేబుల్ మీద పేరుంటుందా?”

“ఉండదు మేడమ్. నల్ల గీతలు, కింద నంబరు, గంతే. రోగం సంగతి బయటోళ్లకు తెల్వొద్దని పేరు తీసేసిన్రు.”

“నీ ప్రింటర్ నీ హ్యాండ్‌హెల్డ్ మాటే వినాలని దానికెలా తెలుసు?”

“మొదట్ల ఒక్కసారి పెయిర్ చేయాలె. నాలుగు సున్నాలు కొడితే అయితది. తర్వాత అవే గుర్తు పట్టుకుంటయి. ప్రింటర్ మీద నీలం లైటు కొట్టుకుంటుంటే ఖాళీగా ఉన్నట్టు. ఆగి నిలకడగ వెలిగితే ఎవరికో దొరికినట్టు.”

“అందరి ప్రింటర్లకీ నాలుగు సున్నాలేనా?”

“అన్నిటికీ అదే. ఎవలూ మార్చలే.”

“ఒకే ప్రింటర్ ఇద్దరికి దొరుకుతుందా?”

“ఒక్కసారి ఒక్కరికే. ఒకరు పట్టుకుంటే రెండోవాళ్లకు…”

ప్రవల్లిక ఆగిపోయింది.

“రెండోవాళ్లకు ఏమొస్తుంది స్క్రీన్ మీద?”

“ప్రింటర్ దొరుకుతలేదని వస్తది,” అంది ప్రవల్లిక.

లీలావతి లేచి గది చూసింది. కిటికీ పక్కన ప్రవల్లిక బల్ల. ఎదురు గోడ దగ్గర జశ్వంత్ బల్ల. ఆ రోజు రెండో వరస రక్తం తీసినవాడు అతనే. ప్రవల్లిక బల్లకి వెనక ప్లైవుడ్ తడిక, తడిక అవతల సొసైటీ ఆఫీసు గది. తలుపు తీసి చూస్తే ఒక కుర్చీ, టేబులు, గోడకి ప్లగ్గు. చెయ్యి చాపితే తడికని తాకవచ్చు.

“కేశవరావు గారి వంతు వచ్చినప్పుడు ఏమైంది?”

“నొక్కిన. రెండు లేబుళ్లొచ్చినయి. మొదటిది అంటించిన. రెండోది డబుల్ వచ్చిందనుకొని చింపి పారేసిన.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “అది చదివి ఉంటే తెలిసిపోతుండె మేడమ్. వరసల ఇంకా ముప్ఫై మంది ఉన్నరు.”

తలుపు దగ్గర అలికిడైంది. బూడిదరంగు నేత చీరలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. సుందరరామయ్య భార్య మాణిక్యాంబ. పై అంతస్తులోనే ఉంటుంది.

“ఈ పిల్లని కాపాడ్డానికి వచ్చినావిడ మీరేనా?”

“ఏం జరిగిందో తెలుసుకోడానికి వచ్చానండీ.”

“తెలుసుకుంటే ఆయనొస్తారా?” మాణిక్యాంబ లోపలికి వచ్చి, ప్రవల్లిక వైపు చూడకుండా కూర్చుంది. “ఈ పిల్ల సూది గుచ్చితే తెలియదనేవారు. వేరేవాళ్ల వరసలో కూర్చునేవారు కాదు. అంత నమ్మారు మరి.”

ఆ మాటకి ప్రవల్లిక వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు.

“మీ వారికి ల్యాబుతో ఏమైనా తగాదా ఉందా అండీ?” లీలావతి అడిగింది.

“తగాదా కాదు. శ్రావణంలో ఒకసారి ఆయన రక్తం గొట్టం దారిలో పగిలిపోయింది. మళ్లీ వచ్చి తీసుకుంటామన్నారు, రాలేదు. సాయంత్రానికి రిపోర్టు మాత్రం వచ్చింది! ఇవ్వని రక్తానికి రిపోర్టు ఎలా వస్తుందండీ? లెక్కల ఆఫీసులో పనిచేసిన మనిషి, ఊరుకుంటారా? దసరా సెలవులయ్యాక ఆరోగ్య శాఖ ఆఫీసుకి వెళతానన్నారు.”

“ఆ మాట ఎవరితో అన్నారు?”

“ఇంకెవరితో, మూర్తి గారితోనే. ఆయన చెంపలు వేసుకుని, తప్పు సరిదిద్దుకుంటానన్నాడు. పాపం, మంచివాడే. ఆ శనివారం కూడా తనే స్వయంగా వచ్చి దుర్గమ్మ ప్రసాదం పంచాడు. పులిహోర.”

లీలావతి ఇంకో ప్రశ్న అడగబోయింది. అంతలో బయట కారు ఆగింది.

“నమస్తే ఆంటీ! ఇంకా క్లాసు అయిపోలేదా?”

వచ్చినవాడు సాకేత్. గుర్గావ్‌లో కంపెనీల తరఫున దర్యాప్తులు చేసే ఒక సంస్థలో ఉద్యోగం. హైదరాబాదు కుర్రాడు, చురుకైనవాడే. మూర్తి గారు పెట్టుకున్న మనిషి.

“నన్ను మేడమ్ అనమని అడగను గానీ, ఆంటీ అనడానికి నేను మీ అమ్మగారి స్నేహితురాల్ని కాను,” అంది లీలావతి.

“అచ్ఛా, మేడమ్. కేస్ క్లోజ్ అయింది. హ్యూమన్ ఎర్రర్. ప్రవల్లికా, పేపర్ రెడీగా ఉంది. పొరపాటు నాదేనని సంతకం పెట్టు, బెయిలు మేం ఇప్పిస్తాం. పెట్టలేదా, లాయర్‌ని నువ్వే వెతుక్కో.”

“పొరపాటు ఆమెదని ఎలా తేల్చావు?”

“లేబుల్ అంటించిన చెయ్యి ఎవరిది?”

“లేబుల్ పంపిన చెయ్యి ఎవరిదో చూశావా?”

సాకేత్ నవ్వాడు. “ఆమె హ్యాండ్‌హెల్డ్ పంపింది, ఆమె ప్రింటర్ కొట్టింది. ఇందులో మిస్టరీ ఏముంది మేడమ్? మీ కాలంలో కార్బన్ పేపర్ ఉండేదేమో.”

“ఉండేది. కింద పడ్డ అచ్చు ఏ చేతిదో దాని మీద తెలిసేది. ప్రింటర్ ఎక్కడుంది?”

“మూర్తి గారి క్యాబిన్‌లో. పోలీసులు హ్యాండ్‌హెల్డ్ పట్టుకెళ్లారు, ప్రింటర్ మాత్రం కవర్లో పెట్టి, నా సంతకంతో సీల్ వేసి అక్కడే ఉంచమన్నారు.”

“పద.”

*

మూర్తి గారి పూర్తి పేరు రాధాకృష్ణమూర్తి. క్యాబిన్‌లో అడుగుపెట్టగానే కర్పూరం వాసన తగిలింది. ఆయన కుర్చీ వెనక గూట్లో దుర్గమ్మ పటం, దాని ముందు వెలుగుతున్న దీపం. బల్ల మీద ల్యాప్‌టాప్ సగం మూసి ఉంది. లీలావతి పటానికి చేతులు జోడించింది. శనివారం ఒంటిపూట ఉండే మనిషికి ఆ గది చూస్తే ప్రాణం కాస్త కుదుటపడింది.

“రండమ్మా, కూర్చోండి. ప్రవల్లికా, నువ్వూ కూర్చో తల్లీ.” ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. “లీలావతి గారూ, పోలీసులకి చెప్పని మాట ఒకటి మీకు చెబుతాను. ఈ పిల్ల తప్పు లేదు. తప్పు నాది.”

సాకేత్ ఉలిక్కిపడ్డాడు. “సర్, ఇప్పుడు ఇది…”

“ఉండు బాబూ. అమ్మా, దసరాకి ఆయుధపూజ మా ఇంటి ఆచారం. మా నాన్నగారు తక్కెళ్లు పెట్టేవారు. నేను ల్యాబులో యంత్రాలన్నీ పెడతాను. ప్రింటర్లన్నీ అమ్మవారి ముందు వరసగా పెట్టి పసుపూ కుంకుమా పూశాను. వెనక నంబర్ల మీద పసుపు అంటుకుపోయింది. తిరిగిచ్చేటప్పుడు ఏది ఎవరిదో చూడలేదు. ప్రవల్లిక ప్రింటర్ జశ్వంత్‌కి, జశ్వంత్‌ది ప్రవల్లికకి వెళ్లిపోయాయి. ఈ పిల్ల నొక్కితే అతని దగ్గరా, అతను నొక్కితే ఈ పిల్ల దగ్గరా లేబుళ్లు వచ్చాయి. నా పూజే ఆ పెద్దాయన ప్రాణం తీసింది.”

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. ప్రవల్లిక నోరు తెరుచుకుని చూస్తోంది. ఇంతమందిలో తప్పు నీది కాదన్న మొదటి మనిషి ఆయన.

లీలావతికి గుండె బరువెక్కింది. అమ్మవారి ముందు భక్తితో పెట్టిన పనిముట్టు మనిషిని చంపుతుందా? చంపితే ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది? ఆవిడ ఒక్క క్షణం ఆ దీపం వైపు చూసి, మనసులోనే ఏదో అడిగింది. అంతలో పాతికేళ్ల ఉద్యోగం ఒక చిన్న లెక్క ముందుకు తోసింది.

“మూర్తి గారూ, ఆ రోజు మొత్తం ఎన్ని గొట్టాలు తారుమారయ్యాయి?”

“రెండమ్మా.”

“ప్రింటర్లు మారిపోతే ఇద్దరి వరసలూ పొద్దున్నుంచీ తారుమారు కావాలి కదండీ. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. జశ్వంత్ వరసలో ఒక్క తప్పూ లేదు. తారుమారైన ఇద్దరూ ప్రవల్లిక వరసలోనే, ఒకరి వెనక ఒకరు.”

మూర్తి గారు చేతులు తీశాడు.

“చెప్పాను కదా మేడమ్, హ్యూమన్ ఎర్రర్,” అన్నాడు సాకేత్.

“నువ్వు కాసేపు ఆగు. ప్రింటర్‌కి తన నంబరు తను చెప్పుకునే ఉపాయం ఏమైనా ఉందా ప్రవల్లికా?”

“ఉంది మేడమ్. పేపర్ బటన్ ఒత్తి పట్టుకొని ఆన్ చేస్తే చీటీ ఇస్తది. నా ప్రింటర్ నంబరు నాకు కంఠతా వచ్చు.”

“సాకేత్, ఆ కవరివ్వు.”

“కుదరదు. సీల్ మీద నా సంతకం ఉంది. ఎస్సై నాలుగింటికి వస్తాడు, అతని ముందు తెరుద్దాం.”

“అతను వచ్చేది తెరవడానికి కాదు, ఈ పిల్లని తీసుకుపోవడానికి.”

“రూల్ ఈజ్ రూల్, మేడమ్.”

“తెరవనీ బాబూ,” అన్నాడు మూర్తి గారు మెల్లగా. “పసుపు కూడా దాని మీదే ఉంటుంది. ఆవిడే చూస్తారు. నాకు దాపరికం ఏముంది?”

సాకేత్ కవరు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. “నేను మాత్రం తెరవను.”

లీలావతే చింపింది. అరచేతిలో పట్టేంత నల్ల ప్రింటర్, అడుగున ఎండిన పసుపు. ప్రవల్లిక చెప్పినట్టే బటన్ ఒత్తి పట్టి ఆన్ చేసింది. గరగరమంటూ చీటీ వచ్చింది. ప్రవల్లిక కంఠతా చెప్పిన నంబరు, చీటీ మీది నంబరు ఒక్కటే.

“ఇది ప్రవల్లికదే. పూజలో ఏ ప్రింటరూ మారలేదు,” అంది లీలావతి. “ఆ రోజు ఎవరో మూడో మనిషి ఈ ప్రింటర్‌ని కాసేపు పట్టుకున్నాడు. అందుకే ఈ పిల్లకి రెండుసార్లు దొరకలేదు. అతను కేశవరావు గారి లేబుల్ ఒక్కటి పంపించి వదిలేశాడు. ఆమె దాన్ని తనదనుకుని సుందరరామయ్య గారి గొట్టానికి అంటించింది. హ్యాండ్‌హెల్డ్‌లో ఆగిపోయిన సుందరరామయ్య గారి లేబుల్ తర్వాత నొక్కినప్పుడు ముందుగా బయటికొచ్చి కేశవరావు గారి గొట్టానికి అంటుకుంది. నాలుగు సున్నాలు తెలిసినవాడు, తడిక అవతల కూర్చోగలిగినవాడు…”

“స్టోరీ బాగుంది. ప్రూఫ్?” అన్నాడు సాకేత్.

లీలావతి ప్రింటర్ మీది నీలం లైటు చూస్తోంది. చీటీ ఇచ్చాక అది కొట్టుకోవడం మొదలుపెట్టింది. కొట్టుకుని, కొట్టుకుని, ఆగి, నిలకడగా వెలిగింది.

“మేడమ్,” ప్రవల్లిక గొణిగింది. “ఎవరికో దొరికింది.”

“నీ హ్యాండ్‌హెల్డ్ స్టేషన్‌లో ఉంది. సాకేత్, నీ ల్యాప్‌టాప్?”

“కారులో. బేస్‌మెంట్‌లో.” అతని గొంతులో వెటకారం పోయింది.

ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. ప్రింటర్ గరగరమంది. దాని నోట్లోంచి తెల్లటి లేబుల్ ఒకటి నెమ్మదిగా బయటికొచ్చింది. నల్ల గీతలు, కింద నంబరు. సాకేత్ ముందుకు వంగి, తనకి తెలియకుండానే పైకి చదివాడు.

“చివర ఎనభై ఆరు. ఇది కేశవరావు నంబరు.”

“ఆ రోజు రాలేదేమోనని రెండోసారి కూడా నొక్కి ఉంటారు,” అంది లీలావతి. “అది వెళ్లకముందే లింకు తెగింది. తర్వాత ప్రింటర్ సీలు కవర్లోకి పోయింది. మీ ల్యాప్‌టాప్‌లో ఇన్నాళ్లూ అది దీని కోసం ఎదురుచూస్తూ కూర్చుంది, మూర్తి గారూ.”

మూర్తి గారు ల్యాప్‌టాప్ మూత పూర్తిగా మూశాడు. నిలకడగా వెలుగుతున్న లైటు మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. తర్వాత ఆయన చాలా మామూలుగా, ప్రసాదం అందుకున్నట్టు, ఆ లేబుల్ చింపి తీసుకున్నాడు. కుర్చీ వెనక్కి తిరిగాడు. లీలావతికి అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. సిరా లేకుండా వేడికి నల్లబడి అచ్చయ్యే కాగితం అది. దీపం సెగ తగలగానే గీతలూ నంబరూ కలిసిపోయి లేబుల్ మొత్తం నల్లగా మారింది. ఆ తర్వాత అంటుకుంది.

“అమ్మవారి ముందా!” లీలావతి కేక పెట్టింది. “ఆ తల్లి చూస్తుండగానా?”

“చావాలని కోరుకోలేదమ్మా,” అన్నాడాయన బూడిద దులుపుకుంటూ. “ఆస్పత్రిలో పడితే ఆరోగ్య శాఖ సంగతి మరిచిపోతారనుకున్నాను. అమ్మవారు మరోలా తలిచింది. ఈ ల్యాబు మీద నలభై కుటుంబాలు బతుకుతున్నాయి. అందుకే పూజ నెపంతో తప్పు నా మీద వేసుకున్నాను, ఈ పిల్లకి కూడా శిక్ష తగ్గేది. మీరు పడనిచ్చారు కాదు.”

పూజ చేసిన చేతులూ అవే, బటన్ నొక్కిన చేతులూ అవే. ఏ వేలుతో ఏది చేశాడో విడదీయడం దేవుడికైనా సాధ్యమా అనిపించింది లీలావతికి. ఆ ఆలోచనకి తనే భయపడి సాకేత్ వైపు తిరిగింది.

“నువ్వు చదివావు. నంబరు నీ నోటితోనే చదివావు. ఎస్సైకి చెబుతావా?”

సాకేత్ మూర్తి గారిని చూశాడు. ప్రవల్లికని చూడలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు.

“నేను మెసేజ్ చూసుకుంటున్నాను మేడమ్. ఏమీ చూళ్లేదు.”

బల్ల మీద సంతకం కోసం పెట్టిన కాగితం ఉంది. మూర్తి గారు దాన్ని ప్రవల్లిక వైపు జరిపి, మీద పెన్ను పెట్టాడు. “పెట్టెయ్ తల్లీ. లాయరు ఖర్చు నాది.”

ప్రవల్లిక పెన్ను ముట్టుకోలేదు. “నేను పెట్టను సార్,” అంది. “చదవకుండ పారేసిన తప్పు నాదే. అది అడుగుతే అవునంట. చంపిన తప్పు నాది కాదు.”

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఎస్సై, వెనక ఒక మహిళా కానిస్టేబులు లోపలికి వచ్చారు. లీలావతి నోరు తెరవబోతుండగానే ఎస్సై చూపు బల్ల మీద చిరిగి పడి ఉన్న కవరు మీద పడింది. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

“యే సీల్ కిస్‌నే తోడీ?” అన్నాడు. సాక్ష్యం మీది సీలు చింపింది ఎవరని.

మూర్తి గారు చేతులు జోడించి దుర్గమ్మ పటం వైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పటిదాకా ఏమీ చూడని సాకేత్ ఫోన్ జేబులో పెట్టుకుని, చెయ్యెత్తి లీలావతిని చూపించాడు.

“ఈవిడే సర్,” అన్నాడు హిందీలో. “వద్దన్నా వినలేదు. నా కళ్లతో చూశాను.”